తెలివికి తక్కువ లేదు, చదవడమే కష్టం: ఇంటర్నేషనల్ సిటీ పిల్లలకి ట్యూషన్ కాదు, సరైన బోధన కావాలి

దుబాయ్‌లో భారతీయ సిలబస్ బళ్లు ఏప్రిల్‌లో మొదలవుతాయి. మొదటి పరీక్షల పేపర్లు ఇంటికి రాగానే ఇంటర్నేషనల్ సిటీలో ట్యూషన్ల వేట కూడా మొదలవుతుంది. చైనా క్లస్టర్‌లో ఎవరో మేడం ఉన్నారట, పర్షియాలో ఇంకొకరు బాగా చెబుతారట అంటూ వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్‌లు తిరుగుతాయి. వాటితో పాటు తరచూ వచ్చే మాట ఇంకొకటుంది. 'మావాడు చాలా తెలివైనవాడండీ, కానీ చదవమంటే బద్ధకం.'

మొదటి సగం నిజమే కావచ్చు. రెండో సగం చాలామంది పిల్లల విషయంలో నిజం కాదు.

నాలుగో తరగతో ఐదో తరగతో చదివే పిల్లాడు. బ్లూ లైన్ మెట్రో మన ఇంటర్నేషనల్ సిటీకి ఎటు నుంచి వస్తుందో, స్టేషన్ భూమి లోపల ఎందుకు కడుతున్నారో పూసగుచ్చినట్టు చెబుతాడు. పాఠం మీరు చదివి వినిపించి ప్రశ్నలు అడిగితే అన్నిటికీ జవాబు వస్తుంది. అదే పాఠం తనని చదవమనండి. వేలు పెట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కుంటాడు, లైను దాటేస్తాడు, మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేస్తాడు. ఒకే పేజీలో ఒకే మాటని మూడు రకాల స్పెల్లింగ్‌తో రాస్తాడు. నోటితో చెప్పిన జవాబు పేపర్ మీదకి వచ్చేసరికి రెండు ముక్కలై మిగులుతుంది. ఇంట్లో అమ్మానాన్నలు దీన్ని శ్రద్ధ లేకపోవడం అంటారు. బడిలో 'కెన్ డూ బెటర్' అని రాసి పంపుతారు.

దీనికి పేర్లున్నాయి. చదవడంలో అయితే డిస్లెక్సియా, రాయడంలో అయితే డిస్‌గ్రాఫియా. భారత ప్రభుత్వం 2016లో చేసిన వికలాంగుల హక్కుల చట్టం వీటిని 'నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు' అనే పేరుతో 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. మాట్లాడే భాషనో, రాసే భాషనో మెదడు అందుకుని అమర్చుకునే తీరులో ఉన్న లోటు ఇది. బుద్ధిమాంద్యం వేరు, ఇది వేరు. చూపు, వినికిడి బాగానే ఉంటాయి.

కొత్తగా పుట్టుకొచ్చిన జబ్బు కూడా కాదు. 1896లోనే ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లండ్ డాక్టర్ 14 ఏళ్ల కుర్రాడి గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. ఏళ్ల తరబడి చదువు చెప్పించినా ఆ అబ్బాయికి చిన్న చిన్న మాటలు చదవడం రాలేదు. పాఠాలన్నీ నోటితోనే చెబితే బడి మొత్తంలో వీడే చురుకైనవాడు అవుతాడని అతని మాస్టారే అన్నారట. నూట ముప్పై ఏళ్ల కిందటి ఆ మాస్టారికి అర్థమైంది ఇవాళ్టి ప్రోగ్రెస్ కార్డులో కనిపించడం లేదు.

తెలివైన పిల్లల్లో ఇది ఆలస్యంగా బయటపడుతుంది. కారణం తెలివే. రెండో తరగతి దాకా పుస్తకం మొత్తం బట్టీ కొట్టేయొచ్చు. బొమ్మ చూసి కథ చెప్పేయొచ్చు. పక్కవాడు చదివింది విని అప్పజెప్పొచ్చు. పైగా వల్లె వేయడం మనవాళ్లకి గొప్ప విద్య. కాగితం, కలం ముట్టుకోకుండా పద్యాలు పూరించి, చివర్లో అన్నీ ధారణతో అప్పజెప్పే అవధానిని నెత్తిన పెట్టుకునే జాతి మనది. అందుకే గుణింతం గడగడా అప్పజెప్పే పిల్లకి చదవడం కూడా వచ్చేసిందనుకుంటాం. నాలుగో తరగతి దగ్గర సైన్స్, సోషల్ పుస్తకాలు లావెక్కుతాయి. అప్పటిదాకా చదవడం నేర్చుకున్న పిల్లలు అక్కడి నుంచి చదివి నేర్చుకోవాలి. బట్టీ అక్కడ చాలదు. 'మూడో తరగతి వరకూ ఫస్ట్ వచ్చేది, ఏమైందో ఏమో' అనే మాట సరిగ్గా ఆ వయసు దగ్గరే వినిపిస్తుంది.

గల్ఫ్‌లో పెరిగే తెలుగు పిల్లలకి ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్, రెండో భాషగా హిందీ, వీటి మీద అరబిక్. యూఏఈ ప్రైవేటు బళ్లలో అరబ్బులు కాని పిల్లలకి కూడా ఒకటో తరగతి నుంచి తొమ్మిది దాకా అరబిక్ తప్పనిసరి. దుబాయ్‌లో నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకి కూడా అరబిక్ నేర్పాలని కేహెచ్‌డీఏ 2025లో ప్రకటించింది. చిన్నప్పుడు మాట్లాడే భాషగా వినడం మంచిదే, దాని మీద నాకేమీ అభ్యంతరం లేదు. కానీ పదేళ్లు వచ్చేసరికి ఈ పిల్లల ముందు నాలుగు లిపులు ఉంటాయి. మూడు ఎడమ నుంచి కుడికి, ఒకటి కుడి నుంచి ఎడమకి.

దీనివల్ల రెండు పొరపాట్లు జరుగుతాయి. 'ఇన్ని భాషలు కదా, అందుకే తికమక, పెద్దయితే సర్దుకుంటుంది' అని రెండు మూడేళ్లు గడిపేయడం ఒకటి. ఇబ్బంది అసలు ఎక్కడుందో చూడకుండా ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిష్‌లోకి మారిపోవడం రెండోది. నా ఉద్దేశంలో రెండోది ఎక్కువ నష్టం. ఎక్కువ భాషలు వినడం వల్ల డిస్లెక్సియా రాదు. చదవలేని పిల్లకి చెవి ద్వారా వచ్చే భాషే బలం. అమ్మమ్మ ఫోన్‌లో చెప్పే కథ, నాన్నతో రాజకీయాల మీద వాదన, ఇవి మాటల సంపదని పెంచుతాయి. అది తీసేసి అమ్మానాన్నల వచ్చీరాని ఇంగ్లిష్ పెడితే మిగిలేది ఏమిటి?

లిపిని బట్టి లక్షణం మారుతుందని కూడా తెలుసుకోవాలి. తెలుగులో రాసినట్టే చదువుతాం. 'క' ఎక్కడ ఉన్నా 'క'నే. ఇంగ్లిష్‌లో 'దో', 'త్రూ', 'టఫ్', 'కాఫ్' అనే నాలుగు మాటల చివరా అవే నాలుగు అక్షరాలు ఉంటాయి, పలికేది మాత్రం నాలుగు రకాలుగా. 2001లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఇటలీ, ఫ్రాన్స్, ఇంగ్లండ్‌లలో డిస్లెక్సియా ఉన్న పెద్దవాళ్లని పరీక్షించారు. చదివేటప్పుడు మెదడులో కనిపించిన తేడా ముగ్గురిలోనూ ఒకటే, కానీ ఇటాలియన్లు మిగతావాళ్ల కంటే మెరుగ్గా చదివారు. వాళ్ల లిపిలో అక్షరానికీ ధ్వనికీ పొత్తు సరిగ్గా కుదరడమే కారణం. (ఇటలీ, ఫ్రాన్స్, ఇంగ్లండ్ మూడూ మన దగ్గర క్లస్టర్లే కాబట్టి ఈ పోలిక మనకి గుర్తుండాలి.) అందువల్ల మన పిల్లాడు తెలుగు తప్పుల్లేకుండా చదివేసినా, చాలా నెమ్మదిగా ఒక్కో అక్షరం పట్టుకుని చదువుతున్నాడా అన్నది చూడాలి. తెలుగు మాటని 'క-మ-ల' అని విడగొట్టడం సులువు. ఇంగ్లిష్ మాటలో దానికంటే చిన్న ధ్వనులని విడిగా వినగలగాలి. ఇబ్బంది ఎక్కువగా అక్కడే బయటపడుతుంది. ఒక్క భాషలో చూసి ఉందనీ లేదనీ తేల్చేయకూడదన్నది అందుకే.

మరి తెలుగులో పరీక్షించే సాధనాలు ఏవి? నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్ 2015లో 'డాలి' పేరుతో భారతీయ భాషల్లో డిస్లెక్సియాని గుర్తించే సాధనం తెచ్చింది. మొదట వచ్చినవి హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లిష్. తొలి విడతలో తెలుగు లేదు. దుబాయ్‌లో సైకాలజిస్టు దగ్గరికి వెళితే పరీక్ష దాదాపుగా ఇంగ్లిష్‌లోనే జరుగుతుంది. ఇంట్లో ఏ భాష, బిడ్డకి మాటలు ఎప్పుడు వచ్చాయి, తెలుగు చదవడం ఎంత వచ్చు, కుటుంబంలో ఇంకెవరికైనా ఇలా ఉందా అన్నవి మీరే చెప్పాలి. ముఖ్యంగా చివరిది. ఇది వంశంలో నడిచే లక్షణం. 'మా తమ్ముడూ అంతే, టెన్త్ మూడుసార్లు రాశాడు, ఇప్పుడు మూడు కంపెనీలు నడుపుతున్నాడు' అని మనం నవ్వుకుంటూ చెప్పే కబురు ఆ సైకాలజిస్టుకి చాలా పనికొచ్చే సమాచారం.

ఇప్పుడు ట్యూషన్ సంగతి. చదవడం రాని పిల్లాడిని ఇంకో రెండు గంటలు అదే పుస్తకం ముందు కూర్చోబెట్టడమే మన ట్యూషన్. ఒక హాల్లో పది మంది పిల్లలు, హోంవర్క్ పూర్తి చేయించడం, రేపటి పరీక్షకి జవాబులు కంఠతా పట్టించడం. మామూలు పిల్లలకి ఇది పనికొస్తుందేమో. వీళ్లకి కావలసింది వేరే రకం బోధన. 1930ల్లో అమెరికాలో శామ్యూల్ ఆర్టన్ అనే డాక్టర్, అన్నా గిల్లింగమ్ అనే టీచర్ వేసిన దారి ఈనాటికీ దీనికి ఆధారం. ధ్వనినీ అక్షరాన్నీ చిన్న చిన్న మెట్లుగా, ఏదీ ఊహకి వదలకుండా, చూస్తూ, పలుకుతూ, చేత్తో దిద్దుతూ నేర్పడం. వీధిబడి పంతులు ఇసుకలో అక్షరం దిద్దిస్తూ పైకి పలికించింది దీనికి దగ్గరగానే ఉంటుంది. అయితే ఇది నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి సాగే పని. 'ఆరు వారాల్లో డిస్లెక్సియా మాయం' అని ప్రకటన ఇచ్చేవాళ్లకి దూరంగా ఉండండి.

చదువు నేర్పే పని జరుగుతుండగానే తెలివికి మేత కూడా పెట్టాలి. ఈ రెండోదాన్ని బళ్లు ఎక్కువగా మరచిపోతాయి. చదవడం వెనకబడ్డాడని వెనక గ్రూపులో వేసి, తొమ్మిదేళ్లవాడికి ఆరేళ్లవాళ్ల పుస్తకం ఇస్తారు. వాడికి విసుగు పుడుతుంది, తర్వాత అల్లరి, తర్వాత 'ప్రవర్తన బాగాలేదు' అని కంప్లయింట్. వాడి వయసుకి తగిన పుస్తకాన్ని ఆడియోలో వినిపించవచ్చు, ఫోన్ చేతే చదివించవచ్చు, జవాబు నోటితో చెప్పించుకోవచ్చు. అది దొంగదారి అనుకునే తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు. కళ్లజోడు పెట్టుకుని చదివితే దొంగదారి అంటామా?

ఇక హక్కుల సంగతికి వస్తే, దుబాయ్‌లో కాగితం మీద నియమాలు గట్టిగానే ఉన్నాయి. వైకల్యం ఉన్నవారికి చదువులో సమాన అవకాశం ఉండాలని యూఏఈ 2006 నాటి 29వ నంబరు ఫెడరల్ చట్టమే చెప్పింది. 2017లో కేహెచ్‌డీఏ సమ్మిళిత విద్యా విధానాన్ని తెచ్చింది. దాని ప్రకారం ఇలాంటి ఇబ్బంది ఉందన్న కారణంతో ప్రైవేటు బడి సీటు నిరాకరించకూడదు. ప్రతి బడిలో ఇన్‌క్లూజన్ విషయం చూసే బాధ్యులు ఉండాలి. అవసరమైన పిల్లలకి విడిగా విద్యా ప్రణాళిక రాయాలి. క్లాసులో కనిపిస్తున్న ఇబ్బందిని బట్టే సాయం మొదలుపెట్టవచ్చు, డాక్టర్ రిపోర్టు చేతికొచ్చేదాకా ఆగనక్కరలేదు.

ఆచరణ ఎలా ఉందన్నది ఫీజుని బట్టి ఉంటుందనడం కటువుగా ఉన్నా నిజం. క్లాసుకి ముప్పై మంది ఉండే తక్కువ ఫీజు బడిలో ఇన్‌క్లూజన్ విభాగం అంటే ఒకరిద్దరు టీచర్లు, ఒక చిన్న గది. మామూలు సేవలకి మించి పిల్లాడికి ప్రత్యేకంగా మనిషిని పెట్టాలంటే ఆ ఖర్చు తల్లిదండ్రుల మీద పడుతుంది, నెలకి వేల దిర్హమ్‌లు. సైకాలజిస్టు చేసే పూర్తి అసెస్‌మెంట్ కూడా వేలల్లోనే ఉంటుంది, బేసిక్ ఇన్సూరెన్స్ దానికి సాయపడుతుందని లెక్క వేసుకోకపోవడం మంచిది. స్టూడియోలోనో వన్ బెడ్‌రూమ్‌లోనో సర్దుకుంటూ ఊరికి డబ్బు పంపే కుటుంబానికి ఇది చిన్న మాట కాదు. సీటు ఇవ్వనంటే తప్పు అని చెప్పిన విధానం, సీటు ఇచ్చాక అయ్యే ఖర్చుని మాత్రం చాలావరకు ఇంటికే వదిలేసింది. ఈ విధానంలో నాకు కనిపించే పెద్ద లోపం ఇదే.

అలాగని ఏమీ అడగకుండా ఊరుకోకూడదు. అదనపు డబ్బు అడిగితే, ఫీజులో కలిసి ఉన్న సేవలు ఏవి, విడిగా కట్టాల్సినవి ఏవి అని రాతపూర్వకంగా అడగండి. డైస్లెక్సియా పిల్లలు అందరికీ పక్కన మనిషి కావాలని లేదు. చాలామందికి కావలసింది శిక్షణ పొందిన టీచరు దగ్గర వారానికి కొన్ని గంటలు, క్లాసులో ముందు వరుస, బోర్డు మీదిది ఫోటో తీసుకునే వెసులుబాటు, స్పెల్లింగ్‌కి మార్కులు కోయకపోవడం. వీటికి పెద్ద ఖర్చేమీ ఉండదు. బడి ఎంచుకునేటప్పుడు పాత ఇన్‌స్పెక్షన్ రిపోర్టుల్లో ఇలాంటి పిల్లల గురించి రాసిన భాగం చదవండి. కానీ తేదీ చూసుకోండి, 2024-25లో కేహెచ్‌డీఏ కొత్త బళ్లకి తప్ప పూర్తి ఇన్‌స్పెక్షన్లు చేయలేదు.

ఇంకో సంగతి. ఇంటర్నేషనల్ సిటీ నుంచి షార్జా బళ్లకి వెళ్లే పిల్లలూ ఉన్నారు. కేహెచ్‌డీఏ నియమాలు దుబాయ్ ప్రైవేటు బళ్లకే వర్తిస్తాయి. షార్జా బళ్లని చూసేది షార్జా ప్రైవేట్ ఎడ్యుకేషన్ అథారిటీ. మీ ఇల్లు ఎక్కడుందన్నది కాదు, బడి ఎక్కడుందన్నది లెక్క.

దుబాయ్ రిపోర్టు బడిలో సాయానికి పనికొస్తుంది. ఇండియా పరీక్షలకి వేరే కాగితం కావాలి. ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు. సీబీఎస్ఈలో డిస్లెక్సియా ఉన్న విద్యార్థికి మూడు గంటల పేపర్‌కి ఒక గంట అదనం, అవసరమైతే రాసిపెట్టే మనిషి, మూడో భాష నుంచి మినహాయింపు, పదో తరగతిలో రెండు భాషలకి బదులు ఒకే భాష తీసుకునే అవకాశం ఉన్నాయి. ఇవి అడిగినవాళ్లకి, సర్టిఫికెట్ చూపినవాళ్లకి, గడువులోపు బడి ద్వారా నమోదు చేయించినవాళ్లకి. పదో తరగతి జనవరిలో గుర్తొస్తే లాభం లేదు. ఏ సర్టిఫికెట్ చెల్లుతుందో ఎనిమిదో తరగతిలోనే బడిని ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. బ్రిటిష్ సిలబస్ అయితే పద్ధతి వేరు, అక్కడ అదనపు సమయం సాధారణంగా 25 శాతం.

భారత ప్రభుత్వం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఈ సర్టిఫికెట్ ఎనిమిదేళ్లు నిండిన పిల్లలకే ఇస్తారు. 14 ఏళ్లకి మళ్లీ పరీక్షించాలి, 18 ఏళ్లకి ఇంకోసారి. ఆ చివరిది జీవితాంతం చెల్లుతుంది. ప్రభుత్వ ఆస్పత్రి బోర్డు చూసి ఇవ్వాలి, దీనికి బెంగళూరు నిమ్హాన్స్ వాళ్ల పరీక్షల సెట్ వాడతారు. మన రెండు రాష్ట్రాల్లో సదరం అంటే అందరికీ తెలుసు, ఇప్పుడు దేశమంతా యూడీఐడీ కార్డు నడుస్తోంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ, ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ, దగ్గర కూడా దారి అడగవచ్చు. దీనంతటికీ ఒక రోజు చాలదు. జులై, ఆగస్టు సెలవుల్లో పెళ్లిళ్లకీ తిరుపతికీ కేటాయించే రోజుల్లోంచి వారం తీసి దీనికి పెట్టుకోవాలి, అపాయింట్‌మెంట్ ఇక్కడి నుంచే తీసుకుని వెళ్లాలి.

కాగితం ఉన్నా చిక్కులు తప్పవని అవ్ని ప్రకాశ్ కేసు చూపించింది. డిస్‌గ్రాఫియా ఉన్న ఆ విద్యార్థినికి 2021 నీట్ పరీక్షలో రావలసిన అదనపు గంట పరీక్ష కేంద్రంలో ఇవ్వలేదు. సుప్రీంకోర్టు ఆ ఏడాది నవంబర్‌లో తీర్పు ఇచ్చింది. మళ్లీ పరీక్ష పెట్టమనలేదు కానీ, జరిగిన అన్యాయాన్ని ఎలా సరిదిద్దాలో వారంలో ఆలోచించమని నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీని ఆదేశించింది. అదే సంవత్సరం ఫిబ్రవరిలో వికాశ్ కుమార్ కేసులో, రాసిపెట్టే మనిషి సౌకర్యం 40 శాతం వైకల్యం దాటినవాళ్లకే అని గీత గీయడం కుదరదని కోర్టు చెప్పింది. ఆయన చేతిరాత సమస్య ఉన్న డాక్టర్, సివిల్స్ రాయబోయి అడ్డంకి ఎదురైనవాడు. నీట్, జేఈఈ ఆశలు ఉన్న ఇళ్లలో ఈ రెండు తీర్పుల కాపీలు ఫోన్‌లో ఉండటం మంచిది.

హైదరాబాద్ తిరిగి వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లకి ఇంకో లెక్క ఉంది. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం అన్ని బోర్డుల బళ్లలోనూ తెలుగు తప్పనిసరి. 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వం సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ వంటి బళ్లలో 9, 10 తరగతులకి 'సింగిడి' బదులు సులభ తెలుగు వాచకం 'వెన్నెల' వాడమంది. మిగతా పిల్లలకి ఇది మంచి వెసులుబాటు. మన పిల్లకి సులభ వాచకం కూడా చదవాల్సిన వాచకమే. కాబట్టి ఇక్కడ తెలుగు రాత మానిపించే ముందు నాలుగేళ్ల తర్వాత ఏ ఊళ్లో ఉంటారన్నది ఆలోచించుకోండి. వెళ్లే అవకాశం ఉంటే రాయడం కాకపోయినా అక్షరాలు గుర్తుపట్టి చదవడం నెమ్మదిగా కొనసాగించండి. తెలుగు లిపి నిజాయితీగల లిపి, ఇంగ్లిష్‌లో కుదరని పిల్లలకి ఇందులో కుదరవచ్చు.

చాలా ఇళ్లలో డబ్బు కంటే ముందు అడ్డుపడేది భయం. పేరు పడితే బడి వాళ్లు చిన్నచూపు చూస్తారనీ, ఊళ్లో తెలిస్తే ఏమనుకుంటారో అనీ. ఆడపిల్ల అయితే ఈ భయం రెట్టింపు. 2007లో 'తారే జమీన్ పర్' వచ్చినప్పుడు థియేటర్లో ఏడ్చినవాళ్లలో మనమూ ఉన్నాం. మన ఇంటిదాకా వస్తే మాత్రం 'మావాడికి అలాంటిదేం లేదు' అంటాం. పేరు మనం పెట్టకపోతే పిల్లాడే తనకి ఒక పేరు పెట్టుకుంటాడు. మొద్దు అని. ఆ పేరు పోగొట్టడానికి డిస్లెక్సియా పోగొట్టడం కంటే ఎక్కువ కాలం పడుతుంది.

మన సంఘాలు ఉగాదికీ సంక్రాంతికీ హాళ్లు బుక్ చేస్తాయి, వారాంతాల్లో తెలుగు తరగతులూ నడుస్తున్నాయి. అనర్గళంగా తెలుగు మాట్లాడుతూ అక్షరం దగ్గర ఆగిపోయే పిల్ల ముందుగా కంటపడేది ఆ తరగతుల్లోనే. అక్కడ చెప్పే వాలంటీర్లకి ఏడాదికి ఒక శనివారం శిక్షణ ఇప్పిస్తే, 'ఇంకా బాగా దిద్దించండి' అని పంపేయకుండా తల్లిని పక్కకి పిలిచి, ఒకసారి చూపించండమ్మా అని చెప్పగలుగుతారు. అసెస్‌మెంట్ ఖర్చు భరించలేని ఇంటికి సంఘం నిధి నుంచి కొంత ఇవ్వవచ్చు. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఎవరైనా ఈ మాట ఎత్తితే, పిల్లల డ్యాన్స్ పోటీల బడ్జెట్ గురించి మాట్లాడే సమయంలో పావు వంతు దీనికి సరిపోతుంది.